మనిషికీ మనిషికీ ఎడం

తెల్లవారి ఆరయ్యేసరికి సింహాచలం నాడి డెబ్బై నుంచి నూట పదికి ఎగబాకింది.

ఐదు కిలోమీటర్ల ఇవతల, తేనెబండ మీద గుడారం ముందు నిలబడి పళ్లు తోముకుంటున్న నీలవేణి తన మణికట్టు చూసుకుని ఫక్కున నవ్వింది. నోట్లో నురగ గడ్డం మీదికి కారింది. తుడుచుకోవాలనిపించలేదు. చూసేవాళ్లెవరున్నారు గనక!

"పదిహేడు... పద్దెనిమిది... కానీ బావా, ఇంకో రెండు!" అంది దూరాన పొగలాగా కనిపిస్తున్న పులిమెట్ట వైపు తిరిగి.

అక్కడ ఆమె మొగుడు గుంజీళ్లు తీస్తున్నాడు. రోజూ ఇరవై. ఇంత దూరం నుంచి మనిషి కనబడడు, కేక వినబడదు. కనిపించేది పట్టీ మీద అతని నాడి ఒక్కటే. అందుకని దాన్నే పరిగెత్తించి పలకరించడం అలవాటు చేసుకున్నాడు. అంకె మెల్లగా దిగి డెబ్బై దగ్గర నిలిచాక నీలవేణి బ్రష్షు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, తనూ ఇరవైసార్లు గెంతింది. తన అంకె అక్కడ పెరుగుతుంటే బావ ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూ గెంతింది. పెళ్లయి ఆరు నెలలు. అందులో నాలుగు నెలలుగా వాళ్ల కాపురం ఇదే.

ఆ పట్టీ పేరు నాడిపట్టీ. రెండు వేళ్ల వెడల్పు, తోలు రంగు. ఒంట్లోని ఉప్పునీరే దానికి తీగ, ఒంటి వేడే కరెంటు, గుండె దరువే గడియారం. కట్టుకున్న మనిషే ఒక చిన్న టవరు. కొండ అవతల జీలుగులోయలో ఏడు గూడేలున్నాయి. అక్కడ టవరు వేస్తే గిట్టుబాటు కాదని కంపెనీలన్నీ ఏనాడో చేతులు దులుపుకున్నాయి. ఇప్పుడు లోయలో ప్రతి చేతికీ ఒక పట్టీ ఉంది. టీ తాగినంత ఖర్చుకి నెలంతా నెట్టు. పొలంలో ఉన్నవాడి నుంచి ఇంట్లో ఉన్నామెకి, ఆమె నుంచి బడిలో పిల్లలకి, మనిషి నుంచి మనిషికి గెంతుతూ పోతుంది. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి కిలోమీటరు దాకా అందుతుంది. చిక్కల్లా లోయ దాటాక వచ్చే ఏడు కిలోమీటర్ల కొండదారిది. అక్కడ మనుషుల్లేరు. ఆ ఖాళీలోకి ఈ చివర కిలోమీటరు దూరంలో నీలవేణి, ఆ చివర కిలోమీటరు దూరంలో సింహాచలం నిలబడితే, అతని వెనక సంతవలస ఊరు, ఊరి వెనక లోకం.

వాళ్లిద్దరి మధ్య ఐదు కిలోమీటర్లూ అందుకునేది మామూలు పట్టీ కాదు. పట్టీలు అవే, మనుషులే వేరు.

ఆ సంగతి బయటపడింది విశాఖలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రయోగశాలలో. నీలవేణి అక్కడ లెక్కలు రాసుకునే అసిస్టెంటు, సింహాచలం పట్టీలకు టంకం పెట్టే టెక్నీషియన్. డాక్టర్ అనసూయ రెండేళ్లుగా ఇద్దరిద్దరు మనుషుల్ని బీచి రోడ్డు ఈ చివర ఒకరిని, ఆ చివర ఒకరిని నిలబెట్టి చూస్తోంది. అన్నదమ్ములు, స్నేహితులు, కవలపిల్లలు కూడా. ఒక్క జంట తప్ప ఎవరైనా కిలోమీటరు దాటగానే తెగిపోతున్నారు.

"ఈళ్లిద్దర్నీ పెట్టి చూడండి మేడం," అన్నాడు అటెండరు పైడిరాజు ఒకరోజు, నీలవేణినీ సింహాచలాన్నీ చూపించి. "భోజనం క్యారేజీ కూడా ఒకటే తెచ్చుకుంటారు. మూత ఎవరు తియ్యాలని అరగంట దెబ్బలాట."

సరదాకి పెట్టింది డాక్టరు. కిలోమీటరు దాటింది, తెగలేదు. రెండు దాటింది. సింహాచలాన్ని మోటారు సైకిలు ఎక్కించి పంపుతూనే ఉన్నారు. ఐదు దాటాక గానీ అది వణకలేదు. డాక్టర్ అనసూయ ఇసకలో చతికిలబడి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పక్కపక్కన పడుకునేవాళ్ల నాడులు నిద్రలో ఒకదాన్నొకటి వింటాయమ్మా," అంది. "నేర్చుకుంటాయి. మీవి బాగా నేర్చుకున్నాయి."

నీలవేణి సిగ్గుతో ఇసకలోకి కూరుకుపోయింది.

ఏడాదిపాటు కొండ మీద ఉండమని అడిగినప్పుడు ముందు ఒప్పుకున్నది నీలవేణే. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు ఆమె తన ఊళ్లో నీళ్ల ట్యాంకు నిచ్చెన మీద కూర్చుని రాసింది. కింద తమ్ముడు నిచ్చెన పట్టుకుంటే, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ఫోను. సిగ్నలు ఎగిరిపోయి ఒక పేపరు పోయింది. ఆ నిచ్చెన మెట్ల చల్లదనం ఇప్పటికీ అరికాళ్లకు గుర్తే.

"ఏడాదే కదా బావా," అంది. "పన్నెండు వందలమందికి నెట్టొస్తుంది."

"నాకు నువ్వు రావు కదే," అన్నాడు సింహాచలం. అని, మర్నాడే సంచి సర్దాడు.

*

కొండ మీద నీలవేణికి తెలిసొచ్చిన మొదటి సంగతి, లోయ భారమంతా ఒక్కరే మోస్తూ నిలబడిన మనిషికి నెట్టు ఉండదని. లోయ మాటలన్నీ తన ఒంట్లోంచి పోతుంటే తన ఫోను మాత్రం ఇటుకముక్క. ఎవరో బిడ్డకి జ్వరమని ఏఎన్‌ఎంకి చూపిస్తారు, ఎవరో రేషను వేలిముద్ర వేస్తారు, బడిపిల్లలు గ్రహణం వీడియో చూస్తారు. అన్నీ తన నెత్తురులోంచే వెళతాయి. చర్మం కింద చిన్న జల్లు లాంటిది తెలుస్తుందేమోనని మొదటి వారం చెవి ముంజేతికి ఆనించి కూర్చుంది. ఏమీ తెలియలేదు. గాలి, గడ్డి, దూరంగా ఏదో పిట్ట.

అయినా నీలవేణి దిగులుపడే రకం కాదు. ఉడుతకి పేరు పెట్టింది. రాళ్ల పొయ్యి మీద పొంగు రాకుండా టీ కాచడం నేర్చుకుని దానికి తనే చప్పట్లు కొట్టుకుంది. మధ్యాహ్నం రెండింటికి బావ నాడి అరవైకి దిగితే కునుకు తీస్తున్నాడని తెలిసి, గొంతు తగ్గించి పాడుకునేది. సాయంత్రాలే గడిచేవి కావు. పాట అయిపోయాక వచ్చే నిశ్శబ్దం పాటకు ముందున్న నిశ్శబ్దం కంటే పెద్దదిగా ఉండేది.

మనుషుల్ని చూసేది గురువారమొక్కటే. ఆ రోజు సంతవలసలో సంత. లోయ నుంచి నలభై యాభై మంది గంపలు నెత్తిన పెట్టుకుని, ఒకర్నొకరు ఎకసెక్కాలాడుకుంటూ గుంపుగా తేనెబండ పక్కనుంచే పోతారు. అడ్డాకుల కట్టలు మోసే బుద్రమ్మ అందరికన్నా ముందుంటుంది. డెబ్బై దాటిన మనిషి. కొండెక్కేటప్పుడు కూడా నోరు ఆగదు.

"ఏటే కొత్తపెళ్లికూతురా, బతికే ఉన్నావా?" అనేది సంత నుంచి తిరిగొస్తూ, దూరం నుంచే. "మీ ఆయన గెడ్డం గీసుకోడం మానేసినాడు. ఎలుగ్గొడ్డనుకుని కర్రెత్తీసినాను."

"కొట్టలేదు కదా మామ్మా!"

"నవ్వితే పళ్లు చూసి గుర్తట్టినాన్లే. ఇగో, ఉత్తరం. సదివి ఏడవకు. నానాగలేను, ఇంటికేలవుతాది."

అటు నుంచి ఉత్తరం తేవడం, ఇటు నుంచి పట్టుకెళ్లడం బుద్రమ్మ పని. లోకం మొత్తాన్ని లోయకు కలిపిన ఇద్దరూ అడ్డాకులో చుట్టిన కాగితాల మీద బతుకుతున్నారు.

"మీ దేశంలో కొత్త జంటకి ఆషాడమొక్కటే గదా ఎడంగా ఉండాల?" అని అడిగింది బుద్రమ్మ ఒకసారి. "మీకేటి మరి, ఏడాది పొడుగూ ఆషాడమేనా?"

నవ్వాలనుకుంది గానీ నీలవేణికి నవ్వు రాలేదు. ఎందుకంటే పట్టీ మీద మూడో అంకె ఒకటుంది. ఒకటి తన నాడి, ఒకటి బావది, మధ్యలోది ఇద్దరికీ కలిపి. దాన్ని ప్రయోగశాలలో 'పొత్తు' అంటారు. వచ్చిన రోజు అది తొంభై నాలుగు. నాలుగు నెలలకి డెబ్బై నాలుగు. యాభై ఐదు దాటి దిగితే ఆ ఐదు కిలోమీటర్ల బంధం తెగిపోతుంది. "కొంత తగ్గుతుందిలే," అంది డాక్టరు బయలుదేరేటప్పుడు, పక్కకి చూస్తూ.

ఆ వారం ఉత్తరంలో సింహాచలం ఇలా రాశాడు:

"వేణీ, పొత్తు 74 చూశావా? నీకు నా మీద ఇష్టం తగ్గిందో నాకు నీ మీద తగ్గిందో తేలడం లేదు. నా సంగతి నేను చూసుకున్నాను, తగ్గలేదు. అంటే నీదే అయ్యుండాలి. ఒప్పుకో. సరే, దెబ్బలాట తరవాత. ఒక ఉపాయం తట్టింది. దగ్గరయ్యే కొద్దీ పొత్తు పెరగాలి కదా. రోజుకి పది అడుగులు నువ్విటు, పది అడుగులు నేనటు. అంతే. పదడుగుల్లో ఏం మునిగిపోతుంది? ఎవరికీ చెప్పకు. బుద్రమ్మకి అసలే చెప్పకు."

నీలవేణి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి, మడిచి, రవికెలో పెట్టుకుని గుడారం మేకులు పీకింది.

*

ఆ నలభై రోజులంత బాగా కొండ మీద ఎన్నడూ గడవలేదు. పొద్దున్నే గుంజీళ్లు, గెంతులు అయ్యాక గుడారం విప్పి పది అడుగులు పడమటికి. అడుగులు కొంచెం పెద్దవే వేసేది. అటు బావ కూడా దొంగలెక్కే వేస్తున్నాడని ఆమెకి నమ్మకం. పొత్తు డెబ్బై ఆరైంది, ఎనభైమూడైంది. అంకె పెరిగిన రోజు బెల్లం ముక్క నోట్లో వేసుకునేది. దగ్గరైనందుకు పెరుగుతోంది తప్ప నాడులు మళ్లీ నేర్చుకుని కాదని చదువుకున్న పిల్లకి తెలియక కాదు. తెలుసు. అయినా ఆ అంకె చూస్తే కడుపు నిండినట్టుండేది.

బావవైపు జరిగితే లోయకి దూరమవుతోంది. పట్టీ అంచున లోయ పక్క ఒక పచ్చచుక్క వెలుగుతుంటుంది. వేసంగిలో అది చెదరలేదు. ఆషాఢం చివర్లో వాన పట్టుకుంది. ఆ బుధవారం పొద్దున తొమ్మిదింటికి నీలవేణి టీ గ్లాసు పట్టుకుని మణికట్టు చూసుకుంది. పొత్తు తొంభై ఒకటి. బావ నాడి డెబ్బై. పచ్చచుక్క లేదు.

వాన వల్ల అనుకుంది. తగ్గగానే అదే వస్తుందిలే అనుకుంది. పాత చోటు వెనక నాలుగు వందల అడుగుల్లో ఉంది, జారుడు బండల మీద. వెళ్లాలని తెలుసు. కానీ వెళితే ఈ తొంభై ఒకటి పోతుంది. టార్పాలిన్ మీద వాన దరువు వింటూ, అంకె చుట్టూ వేలితో సున్నా చుడుతూ కూర్చుంది. పదైంది. పన్నెండైంది. ఒంటి గంటకి వాన ఇంకా జోరందుకుంది. మూడింటికి ఉన్నట్టుండి భయం వేసి, గుడారం అక్కడే వదిలేసి, మోకాళ్లు చెక్కుకుపోయేలా పడుతూ లేస్తూ పాత చోటికి పరిగెత్తింది. చుక్క వెలిగింది.

తొమ్మిది నుంచి మూడు దాకా. ఆరు గంటలు.

*

మర్నాడు సంత. గుంపులో నవ్వులు లేవు. బుద్రమ్మ వెనక ఆమె మనవరాలు సుమిత్ర ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్ల, కళ్లు ఉబ్బి ఉన్నాయి. వాళ్ల వెంట గొడుగు పట్టుకుని డాక్టర్ అనసూయ. తెగిన సంగతి విశాఖలో తెలిసి, రాత్రికి రాత్రి బయలుదేరి, పొద్దున్నే చుట్టుదారిన లోయకు చేరి, ఇటు నడిచి వచ్చింది.

"వాన దెబ్బే కదమ్మా?" అంది డాక్టరు ఆయాసపడుతూ. "పట్టీకి తడి తగిలిందా?"

నీలవేణి జవాబు చెప్పేలోగా బుద్రమ్మ గంప దించింది. "ఈ గుంట నర్సు సదువుకి పేరు రాసుకున్నాది. నిన్న కాలేజీలు ఎంచుకోడానికి ఆకరి దినం. రెండింటికి మూసీసినారంట. పొద్దుటేల నుంచీ ఫోనట్టుకుని సెట్టూ పుట్టా ఎక్కినాది. సీటు పోనాది." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "మా లోయలో ఇంతవరకూ నర్సయినోళ్లు నేరు."

వాన వల్లేనంటే అయిపోయేది. డాక్టరే ఆ మాట అందించింది. ఎవరికీ తెలియదు. తెలిస్తే బావనీ తననీ ఇక్కణ్ణించి పంపేస్తారు, లోయవాళ్లు ముఖం చూడరు. కానీ తన అరికాళ్లకి నీళ్ల ట్యాంకు నిచ్చెన మెట్లు చల్లగా తగిలాయి.

"వాన కాదు మామ్మా," అంది. "నేనే."

అంతా చెప్పేసింది. పది అడుగులు, నలభై రోజులు, తొంభై ఒకటి. చెబుతున్నంతసేపూ సుమిత్ర వంక చూడలేకపోయింది. చెప్పాక చూసింది. ఆ పిల్ల కళ్లు ఆర్పకుండా నిలబడి ఉంది.

"మీ ఆయన దగ్గిరికెళ్లడానికా?" అంది సుమిత్ర మెల్లగా. "నా సీటు?"

"అవును."

సుమిత్ర వెళ్లి దూరంగా బండ మీద అటు తిరిగి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

బుద్రమ్మ మాత్రం నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. "నలబై దినాలా?" అంది చివరికి. "మొగుడు కోసరం నలబై దినాల్లో నాలుగొందల అడుగులా ఏసినావు? నానైతే రెండో దినమే పరిగెత్తీసుందును, మీ నెట్టూ వొద్దు, మీ సదువులూ వొద్దని!" గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. బుద్రమ్మ నవ్వలేదు. "ఓ డాటరమ్మా, ఈ గుంటలిద్దర్నీ ఎప్పుడైనా కలవనిచ్చినావా?"

డాక్టర్ అనసూయ గొడుగు ముడిచింది.

"కలిస్తే లైను తెగిపోతుందమ్మా. కలవకపోతే పొత్తు పోతుంది." ఆమె నీలవేణి వైపు తిరిగింది. "నీకంటే ముందు ఇంకో కొండమీద ఒక జంట ఉండేవాళ్లు, వేణీ. పది నెలలు నిలబడ్డారు. ఇంటికెళ్లాక ఒకరి పక్కన ఒకరికి నిద్ర పట్టలేదట. పక్కన ఎవరో కొత్త మనిషి గుండె చప్పుడులా ఉందన్నారు. ఇప్పుడు వేరు వేరు ఊళ్లలో ఉన్నారు."

"మాకెందుకు చెప్పలేదు మేడం?"

"చెబితే వచ్చేవాళ్లా?"

డాక్టరు ముఖంలో రెండేళ్ల నిద్రలేమి ఒక్కసారిగా బయటపడింది.

"మిమ్మల్ని పంపేస్తాను," అంది. "శ్రావణంలో పెళ్లిళ్లున్నాయి. ఒక జంటని మాట్లాడి పెట్టాను. ఆ అమ్మాయి కూడా నీలాగే, ఊరికే నవ్వుతూ ఉంటుంది."

ఆ ఒక్క మాటకి నీలవేణి గుండె దరువు తప్పింది. ఐదు కిలోమీటర్ల అవతల బావ పట్టీ మీద కూడా తప్పే ఉంటుంది. ఈ గుడారంలో ఇంకో అమ్మాయి ఉడుతకి ఇంకో పేరు పెడుతుంది. పది నెలలకి అరిగిపోతుంది. తరవాత ఇంకో అమ్మాయి. శ్రావణం ప్రతి ఏడూ వస్తుంది.

"నేను వెళ్లను మేడం. ఆ అమ్మాయిని రానివ్వను," అంది. "వారానికి ఒక్కరోజు మమ్మల్ని కలవనివ్వండి. ఆ ఒక్కరోజు నెట్టు ఆపండి."

"ఏ రోజు ఆపమంటావు?" డాక్టరు గొంతు పెరిగింది. "నిన్న ఆరు గంటలు ఆగితే ఏమైందో చూశావు కదా. ఎవరి ఆఖరి రోజు ఏ వారమో ఎవరికి తెలుసు?"

 

బండమీద నుంచి సుమిత్ర అటు తిరిగే మాట్లాడింది. "గురువారం ఆపక్కర్లేదు."

"ఏటే?"

"గురువారం దారినిండా మనుషులే కదా మామ్మా. అందరి చేతికీ పట్టీలున్నాయి. గుంపుగా పోతన్నాం కాబట్టి ఒక్క మనిషి కిందే లెక్క. ఇడిగా, ఎడం ఎడంగా నడిస్తే మనమే లైను. ముందోళ్లు పోయిన పావుగంటకి ఇంకొకళ్లు. పొద్దుటేల నుంచి పొద్దుగూకే దాకా వస్తాది."

డాక్టర్ అనసూయ పెదాలు కదిపి ఏదో లెక్క వేసుకుంది. మళ్లీ వేసుకుంది. "వస్తుంది," అంది నమ్మలేనట్టు.

గుంపులో గొణుగుడు మొదలైంది. సంత కంటే సంతదారే వాళ్లకు పండగ. వారమంతా పోడుమీద వంగి పనిచేసేవాళ్లు మాట్లాడుకునేదీ, సంబంధాలు చూసుకునేదీ, అత్తల మీద చెప్పుకునేదీ ఆ ఏడు కిలోమీటర్లలోనే. పైగా లైనులో ఉన్నవాళ్లకి ఫోనుండదు.

"ఒక్కలమే నడవాలా? నోరు మూసుకునా?" అన్నాడు ఒక ముసలాయన.

"నీ నోరు మూసుకోడం కూడా ఒక లాబమేలే," అంది బుద్రమ్మ. తరవాత మనవరాలి వీపు వైపు తిరిగింది. "నీకేటే గుంటా, ఈ పిల్ల నీ సీటు పోగొట్టినాది గదా. ఈలికోసరం ఇదంతా సెప్పినావా?"

"ఈళ్లకోసరం కాదు," అంది సుమిత్ర. "వచ్చే ఏడు నాకు లైను కావాల."

*

శ్రావణం మొదటి గురువారం కోడి కూయగానే బుద్రమ్మ ఒక్కతే తేనెబండ దాటింది. వెనక ఎవరూ లేరు. నీలవేణి పలకరించబోతే చెయ్యి ఊపింది, ఆగకూడదన్నట్టు. పావుగంటకి ఇంకొకామె. ఇంకో పావుగంటకి మరొకరు. ఒక్కొక్కరూ వస్తున్నారు, ఒక్కొక్కరూ మలుపు తిరిగి మాయమవుతున్నారు. ఎనిమిదింటికి దారి పొడుగునా మనుషులు పరుచుకున్నారు. నీలవేణి పచ్చచుక్క మీద కళ్లు పెట్టి, బండ దిగి, పులిమెట్ట వైపు వంద అడుగులు నడిచింది. చుక్క వెలుగుతోంది. రెండు వందలు. వెలుగుతోంది. ఆ తరవాత అడుగులు లెక్కపెట్టలేదు.

చింతపండు బుట్ట మోస్తున్న ఒకామెను దాటుతుంటే ఆమె గబగబా అంది, "ఓలమ్మా, నువ్వు బేగా నడుస్తన్నావు గదా, ముందున్న మా తోటికోడలికి సెప్పు, దూడ పాలు తాగినాదని. రేతిరంతా బెంగెట్టుకున్నాది."

నీలవేణి ఆ మాట పట్టుకుని పరిగెత్తి తోటికోడలికి అందించింది. ఆమె ముఖం విచ్చుకుంది. వెంటనే ఇంకో మాట ఇచ్చింది, ముందున్న ముసలాయనకి. ఉప్పు మర్చిపోవద్దని, పోయిన వారంలాగా కల్లు దగ్గర కూలబడొద్దని. ముసలాయన ఆ రెండో మాటకి ఉరిమి చూసి, తన ముందున్నవాళ్లకి ఒక పొడుపుకథ పంపాడు. ఒక్కొక్క మనిషినీ దాటుతుంటే చుట్టూ అంత కొండ, అంత మంచు, మధ్యలో ఒక్క తలా కనిపిస్తున్నాయి. ఎప్పుడూ చేతులు పట్టుకుని నడిచే ఆడవాళ్లు చేతులేం చేసుకోవాలో తెలియక కొంగు మెలిపెట్టుకుంటూ నడుస్తున్నారు. ఆర్నెల్లు తను నిలబడ్డ చోట ఇవాళ వీళ్లంతా నడుస్తున్నారు.

సగం దారిలో, పెద్ద బండ పక్క మలుపు తిరిగేసరికి ఎదురుగా సింహాచలం. గడ్డం నిజంగానే ఎలుగుబంటిలాగే ఉంది. అతనూ ఆయాసపడుతున్నాడు.

ఇద్దరూ రెండు గజాల దూరంలో ఆగిపోయారు.

"వెనకాల సుమిత్ర అని ఎవరైనా ఉన్నారా?" అన్నాడు సింహాచలం చివరికి. "బుద్రమ్మ ఒక కబురిచ్చింది."

"ఉంది. నా దగ్గరో పొడుపుకథ ఉంది, ఎవరికివ్వాలో మర్చిపోయాను."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నీలవేణి కళ్లు నిండాయి. అతను చెయ్యి పట్టుకుని బండ మీద కూర్చోబెట్టాడు.

కాసేపటికి సుమిత్ర వచ్చింది. ఆగలేదు, వాళ్ల వంక చూడలేదు. ముందువాళ్లకీ తనకీ మధ్య ఎడం కళ్లతో కొలుచుకుంటూ నడుస్తోంది.

"మీ మామ్మ చెప్పమంది," అన్నాడు సింహాచలం ఆమె పక్కన నాలుగడుగులు నడుస్తూ. "గొడుగు ఇంట్లో మర్చిపోయావట."

"గొడుగు మామ్మ గంపలోనే ఉంది," అంది సుమిత్ర. పెదాల చివర ఏదో కదిలి ఆగిపోయింది. రెండడుగులు పోయాక వెనక్కి తిరక్కుండానే అంది, "ఆ మాట ముందుకి పంపించండి."

ఆమె మలుపు తిరిగాక దారి ఖాళీ అయింది. ఇంకో మనిషి రావడానికి పావుగంట. నీలవేణి పట్టీ వైపు చూడబోతే సింహాచలం దాని మీద అరచెయ్యి కప్పాడు.

"వద్దు. చూడకు."

నీలవేణి అతని ఛాతీ మీద చెవి ఆనించింది. పెళ్లైన కొత్తలో ఆ చప్పుడు ఆమెకి కంఠతా వచ్చు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తడబడుతుందో. ఇప్పుడు వింటోంది. ఎవరిదో చప్పుడు. మంచిదే, గట్టిదే, కానీ కొత్తది. భయం వేసి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఏంటే?" అన్నాడతను మెల్లగా.

"ఉండు బావా."

మలుపు దగ్గర ఎవరో రెండుసార్లు పెద్దగా దగ్గారు. నీలవేణి తల ఎత్తకుండానే, ఆగమన్నట్టు చెయ్యి చాపింది. ఇంకా వింటోంది. ఆగడానికి వీల్లేని ఆ మనిషి గంప సర్దుకుని, ముఖం కొండవైపు తిప్పుకుని, అడుగుల చప్పుడు కాకుండా వాళ్లను దాటి ఒంటరిగా ముందుకు నడిచిపోయాడు.